కరెంటు విమానం వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. పైలట్ అవుతానంటున్నాడు. ఎలక్ట్రిక్ విమానాలొస్తే ట్రైనింగ్ ఖర్చు సగానికి పడిపోతుంది, రెండేళ్లు ఆగమని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆగొద్దండీ. మీ బావమరిది చెప్పింది ఉత్త గాలికబురేం కాదు. స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ కంపెనీ తయారుచేసిన వెలిస్ ఎలక్ట్రో అనే రెండు సీట్ల విమానానికి 2020 జూన్‌లోనే యూరప్‌లో టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్ ఎగరడానికి సురక్షితమేనన్న ఆమోదం వచ్చింది. పూర్తిగా బ్యాటరీతో ఎగిరే విమానానికి అలాంటిది దక్కడం అదే మొదలు. మన ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ కూడా ఈ-హంస అనే రెండు సీట్ల ఎలక్ట్రిక్ ట్రైనింగ్ విమానం తయారుచేస్తోందని కేంద్రం 2025లో ప్రకటించింది.

వెలిస్ గాల్లో ఉండేది మహా అయితే 50 నిమిషాలు, పైన కాస్త రిజర్వు. టేకాఫ్, రన్‌వే చుట్టూ ఒక రౌండు, ల్యాండింగ్, మళ్లీ టేకాఫ్. వీటిని సర్క్యూట్లంటారు. కొత్తవాళ్లు ముందు నేర్చేది ఇదే, దీనికి ఆ విమానం చక్కగా సరిపోతుంది. చప్పుడు తక్కువ, ఖరీదైన ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) పోయక్కర్లేదు. కానీ దిగాక గంటకు పైగా చార్జింగ్. అంతసేపూ తర్వాతి స్టూడెంట్ హెడ్‌సెట్ పట్టుకుని షెడ్డులో కూర్చోవాలి. మోయగలిగే బరువు 172 కిలోలు, అంటే మనిషికి 86. ఇన్‌స్ట్రక్టర్ కాస్త భారీ మనిషైతే మీవాడు టిఫిన్ మానేయాల్సిందే!

అసలు చిక్కు లైసెన్సు దగ్గర. కమర్షియల్ లైసెన్సుకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 200 గంటలు నడిపి ఉండాలంటుంది. అందులో 300 నాటికల్ మైళ్ల, అంటే 550 కిలోమీటర్లు దాటిన క్రాస్ కంట్రీ, అంటే ఒక ఊరి నుంచి మరో ఊరికి దూరప్రయాణం ఒకటి. మధ్యలో వేరే రెండు ఎయిర్‌ఫీల్డుల్లో దిగాలి. అక్కడ చార్జర్ లేకపోతే విమానం అక్కడే ఉండిపోతుంది. పైగా రాత్రిపూట 5 గంటలు, బయటికి చూడకుండా ఇన్‌స్ట్రుమెంట్ల మీదే నడిపినవి 10 గంటలు ఉండాలి. వెలిస్‌కేమో పగలు, బయట స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు ఎగరడానికే అనుమతి. కాబట్టి ఈ గంటల్లో చాలావరకు సెస్నాలాంటి పెట్రోలు ఇంజిన్ విమానంలోనే చేయాలి. ఆదా అయ్యేది సర్క్యూట్ల ఖర్చులో కొంతే. బ్యాటరీలు అరిగాక మార్చే ఖర్చు మళ్లీ ఫీజులోకే వస్తుంది. సగం తగ్గుతుందన్న లెక్క నాకైతే కుదరడం లేదు.

ఎలక్ట్రిక్ విమానం ఉందని ఏ స్కూలైనా ఊరిస్తే, క్రాస్ కంట్రీ, నైట్ గంటలు ఏ విమానంలో చేయిస్తారో, ఆ గంటకు రేటెంతో కాగితం మీద రాసివ్వమనండి.

ముందు మీవాడికి డీజీసీఏ డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ పరీక్ష, ఆ తర్వాత కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన క్లాస్ 1 చేయించండి. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందని లక్షలు కట్టాక తెలిస్తే కష్టం. ఈలోగా లైసెన్సు పరీక్షల్లోని నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం) పేపర్లు చదవమనండి. రిపోర్టు వచ్చాక రాయండి, స్కూలు సంగతి అప్పుడు చూద్దాం.