సూది వెయ్యకముందే నవ్వు చూడు

అమ్మలూ,

ఎంవీపీ కాలనీలో పళ్ల క్లినిక్ తెరిచిన వారానికే ఇద్దరు పెళ్లికూతుళ్లు వెనీర్ల (పళ్ల ముందువైపు అంటించే పలుచని పెంకుల) కోసం వచ్చారన్నావు. వాళ్లకిచ్చే మత్తు సూది సంగతి ఫోన్‌లో తీరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ద్వారకానగర్‌లో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక పెళ్లికూతురికి పై ముందు పళ్లు ఆరింటికి వెనీర్లు మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ రెండువైపులా ఇన్‌ఫ్రాఆర్బిటల్ బ్లాక్ (కంటి కింది నరానికి మత్తు సూది) ఇచ్చేశాను. నొప్పి తెలియలేదు గానీ, పళ్లతో పాటు పై పెదవీ మొద్దుబారి జారిపోయింది. ఆ పెదవి చూసి టెంపరరీల (తాత్కాలిక వెనీర్ల) పొడవు తేల్చాను. మర్నాడు మామూలుగా నవ్వితే పళ్లు మరీ పొడుగ్గా కనిపించాయి. ముహూర్తానికి నాలుగు రోజులుందనగా అన్నీ తీసి మళ్లీ చేశాను. తప్పు పూర్తిగా నాదే.

అందుకని సూది పట్టకముందే ఫొటోలు, వీడియో తీసుకో. నవ్వించు, మాట్లాడించు. ‘ఫిఫ్టీ ఫైవ్’ అనిపించు, పై పళ్ల అంచు కింది పెదవికి ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. పంటి పైపొర ఎనామిల్‌ను దాటకుండా పలుచగా అరగదీసేటప్పుడు ఒక్కోసారి ఇంజెక్షనే అక్కర్లేదు, ఆమెనే అడుగు.

మత్తు కావాలంటే ఏఎంఎస్ఏ బ్లాక్ ప్రయత్నించు, అంటే పై ముందు పళ్ల నరాలకు అంగిలి నుంచి ఇచ్చే సూది. అంగిలి వైపు, రెండు ప్రీమోలార్ల (కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపళ్ల) మధ్య, చిగురు అంచుకూ అంగిలి నడిగీతకూ సగం దూరంలో. ముందు పళ్ల నుంచి ప్రీమోలార్ల దాకా ఆ వైపు మొద్దుబారుతుంది, పెదవి మాత్రం కదులుతూనే ఉంటుంది. అందరికీ పూర్తిగా పట్టదు. పట్టకపోతే పెదవి వైపు, పంటి వేరు దగ్గరే మందు వదిలే ఇన్‌ఫిల్ట్రేషన్‌ ఇవ్వు, కొలతలు ముందే ఉన్నాయి కాబట్టి భయం లేదు.

అంగిలి పొర ఎముకకు గట్టిగా అంటుకుని ఉంటుంది, మందుకు చోటు తక్కువ. మత్తు జెల్ రాసి, దూది పుల్లతో నొక్కిపట్టి, సన్నని సూదితో అర మిల్లీలీటరుకు నిమిషం తీసుకో. తొందరపడి తోస్తే ప్రాణం పోయేంత నొప్పి, తర్వాత పుండు కూడా పడొచ్చు. నిమిషం మిగుల్చుకోవాలని ఆమెను ఏడిపించకు తల్లీ.

గుండె జబ్బున్న వాళ్లకు మత్తుమందులో కలిసుండే ఎడ్రినలిన్ 0.04 మిల్లీగ్రాములు దాటనివ్వకు. మనం వాడే 1:80,000 మందులో (80,000 మిల్లీలీటర్లకు ఒక గ్రాము ఎడ్రినలిన్) అది సుమారు 3 మిల్లీలీటర్లే.

పెదవి మొద్దుబారితే తిమ్మిరి మూడు నాలుగు గంటలుంటుంది. అది తగ్గేదాకా వేడి టీ వద్దని తోడొచ్చిన వాళ్లకూ చెప్పు. ఆదివారం వస్తాను, సిరంజి పట్టే తీరు దగ్గరుండి చూపిస్తాను.

మీ పెద్దమ్మ