కుక్కల దాడి మరణాలపై ఫోరెన్సిక్ పరిశోధన: బైపీసీ విద్యార్థినికి ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. 2023లో కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఎనిమిదేళ్ల బాబు చనిపోయినప్పటి నుంచి, ఇలాంటి మరణాలను పరిశోధించే ఉద్యోగమే చేస్తానంటోంది. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో చేర్పించవచ్చా? – ఒక తండ్రి, పరకాల

జవాబు: మీ అమ్మాయి కోరిక అరుదైనదే కాని, కొట్టిపారేయవలసింది కాదు. అయితే ఈ పనికి మన రాష్ట్రంలో విడిగా ఉద్యోగమంటూ లేదు. పోస్టుమార్టం చేసే ఫోరెన్సిక్ మెడిసిన్ వైద్యులు, కుక్కను పరీక్షించే పశువైద్యులు, నమూనాలను విశ్లేషించే ఫోరెన్సిక్ ల్యాబ్ శాస్త్రవేత్తలు, ఈ ముగ్గురి పనీ కలిస్తేనే పరిశోధన పూర్తవుతుంది. వీరిలో ఎవరి పని తనకు కావాలో అమ్మాయి ముందు తేల్చుకోవాలి.

జంతువు వల్ల మనిషి చనిపోతే పోలీసులు నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద శవ పంచనామా జరిపి, మృతదేహాన్ని పోస్టుమార్టానికి పంపుతారు. అక్కడ మొదట తేలవలసింది, గాయాలు ప్రాణం ఉండగా అయినవా, పోయాక అయినవా అన్నది. వేరే కారణంతో చనిపోయిన మనిషి శవాన్ని కూడా కుక్కలు పీక్కుతినవచ్చు. బతికుండగా కరిస్తే కణజాలంలోకి రక్తం ఇంకి గాయం చుట్టూ కమిలిపోతుంది. చనిపోయాక కరిస్తే అంచులు పాలిపోయి, రక్తం ఇంకిన జాడ లేకుండా ఉంటాయి. కోరపన్ను దిగిన రంధ్రం, దాని పక్కనే పట్టి గుంజడంతో చిరిగిన చర్మం, గోళ్ల గీతలు, అడ్డం పెట్టుకున్న చేతుల మీది గాట్లు, చిన్నపిల్లల్లోనైతే ఎక్కువగా తల, మెడ మీది గాయాలు, వీటన్నిటినీ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. శవాన్ని కడగకముందే గాయం అంచులను మొదట తడి దూదిపుల్లతో, వెంటనే పొడి దూదిపుల్లతో అద్ది, ఆరనిచ్చి కాగితపు కవరులో భద్రపరచాలి; ప్లాస్టిక్ కవరులో పెడితే తేమకు డీఎన్ఏ పాడవుతుంది. ఏ కుక్క కరిచిందో తేల్చడానికి మనుషుల డీఎన్ఏ కిట్లు పనికిరావు, కుక్కల కోసమే రూపొందించిన పరీక్షలు కావాలి. అది పెంపుడు కుక్క అయితే యజమాని నిర్లక్ష్యంపై కేసు నిలవడానికి ఈ ఆధారాలు ఎంతో కీలకం.

ఇందులో పొరపాటు జరిగితే ఎంత అన్యాయమో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1997లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో ఏడేళ్ల పాప చనిపోతే, ఒంటి మీద ఉన్నవి కత్తిపోట్ల వంటి గాయాలని ఒక పేథాలజిస్టు (శరీర కణజాలాన్ని పరీక్షించి వ్యాధి, మరణ కారణాలు తేల్చే వైద్యుడు) చెప్పడంతో కన్నతల్లి మీదే హత్య కేసు పెట్టారు. తర్వాత మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ పరీక్షించగా అవి కుక్క కాట్లని నిపుణులు గుర్తించారు. 2001లో కేసు ఎత్తివేసేలోగా ఆ తల్లి చాలాకాలం నిర్బంధంలో గడిపింది. మీ అమ్మాయి ఎంచుకున్న పని బరువు అంతటిది.

ఇక కోర్సు విషయానికి వస్తే, ఇంటర్ కాగానే బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో చేర్పించమని నేను చెప్పను. అందులో వేలిముద్రల నుంచి సైబర్ నేరాల దాకా అన్నిటితో పరిచయం అవుతుంది కాని, పోస్టుమార్టం చేసే అర్హత గాని, జంతువుకు వైద్యం చేసే అర్హత గాని రాదు. గాయాల మీదే మనసుంటే ఎంబీబీఎస్ చదివి, ఫోరెన్సిక్ మెడిసిన్‌లో మూడేళ్ల ఎండీ చేయాలి. కాకతీయ మెడికల్ కాలేజీ మీకు దగ్గరే. ల్యాబ్ పనికైతే జెనెటిక్స్ లేదా బయోటెక్నాలజీ ఉన్న డిగ్రీ, ఆపైన ఉస్మానియాలో ఉన్న ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ వంటివి సరిపోతాయి. అయితే ఆ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

నన్నడిగితే పశువైద్యం వైపు మొగ్గుతాను. మృతదేహాన్ని చూడటానికి వైద్యులు ఎలాగూ ఉంటారు. కుక్క నోటి నుంచి నమూనా తీయడం, దాని పళ్ల మధ్య దూరం కొలవడం, అది చనిపోతే కడుపులో ఏముందో చూడటం, మెదడును రేబిస్ పరీక్షకు పంపడం తెలిసినవారు సమయానికి అక్కడ ఉండటమే కష్టం. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలలు మామునూరులోనూ, కోరుట్లలోనూ ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ ఐదున్నరేళ్లు. ఆ తర్వాత పేథాలజీలో పీజీ (ఎంవీఎస్సీ) చేస్తే ఈ పనికి గట్టి పునాది పడుతుంది. ఈ కేసులు రోజూ రావు కాబట్టి జీవనాధారంగా పశుసంవర్ధక శాఖలోనో, బోధనలోనో, సొంత ప్రాక్టీసులోనో స్థిరపడే వీలుండటం కూడా ముఖ్యమే.

పరీక్షలయ్యాక, అనుమతి తీసుకుని అమ్మాయిని ఒకసారి మామునూరు కళాశాలకు తీసుకెళ్లండి. అక్కడి అధ్యాపకులతో, ముఖ్యంగా పేథాలజీ విభాగం వారితో, తననే మాట్లాడనివ్వండి. నీట్ దరఖాస్తు మాత్రం తప్పకుండా చేయించండి. ఎంబీబీఎస్‌కే కాదు, పశువైద్య కళాశాలల్లో 15 శాతం అఖిల భారత కోటా సీట్లకు కూడా ఆ ర్యాంకే ఆధారం.