గొంతు పోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. ప్రతి సీజన్‌కూ కొత్తవాళ్లే వస్తారు, చెప్పిందే చెప్పి గొంతు పోతోంది. 20 నిమిషాల వీడియో తీస్తే ఎవరూ చూడలేదు.

జవాబు: 20 నిమిషాలా! టీ బ్రేకే అంత ఉండదు కదండీ. ఒక వీడియోలో ఒక్క పనే చూపించండి, నిమిషం చాలు. ఉదాహరణకు గుజ్జులో తీపి ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటరే తీసుకోండి, ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా వస్తోందా చూడటం, తుడిచి తోతాపురి గుజ్జు వేయడం, బ్రిక్స్ (తీపి కొలత) 14 దాటిందా అని చదవడం, అంతే. మీ ముఖం వద్దు (ఏమనుకోకండి), చేతులు కనబడాలి. మిషన్ల మోతలో మాట వినబడదు కాబట్టి పెద్ద అక్షరాల్లో రెండు ముక్కలు వేయండి, తమిళంలో కూడా. లోపలికి ఫోన్లు రానివ్వకపోతే చేతులు కడుక్కునే చోట పాత టీవీలో తిప్పుతూ ఉంచండి. మిషన్ కడగడం మాత్రం పక్కన నిలబడి చేయించాల్సిందే.