పాత అంబాసిడర్‌కు చిక్కటి ఆయిలు పోస్తే ట్యాపెట్ల చప్పుడు తగ్గుతుందా?

మీ తాతగారి అంబాసిడర్‌లో ట్యాపెట్ల (వాల్వులు తెరుచుకునేలా నెట్టే చిన్న భాగాలు) చప్పుడు పెరిగిందనీ, చిక్కటి ఆయిలు పోస్తే లూబ్రికేషన్ బాగుపడుతుందా అనీ అడిగారు. బాగుపడదు. 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్ ఉన్న అంబాసిడర్ మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఈ ఇంజన్లకు చేటు తెచ్చేది ఆయిలు పలుచదనం కాదు, ఆయిలు నడిచే దారులు పూడుకుపోవడం.

మా బండికి ఇదే చప్పుడు వచ్చినప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డువారు మరింత చిక్కటి ఆయిలు పోసి, అది చాలదన్నట్టు రిలీఫ్ వాల్వు (ప్రెషరు మితిమీరితే తెరుచుకుని ఆయిలును వెనక్కి వదిలేది) స్ప్రింగు వెనక వాషరు పెట్టి పంపారు. ఆయిలు ప్రెషరు గేజి ముల్లు పైకి లేచింది కానీ చప్పుడు అలాగే ఉంది. తర్వాత వేరొక షెడ్డులో వయసు మళ్లిన మేస్త్రిగారు రాకర్ కవరు (వాల్వులను నొక్కే రాకర్ల మీది మూత) విప్పి, ఇంజన్ నడుస్తుండగానే చూపించారు: ఒక చివర రాకర్ల మీద ఆయిలు పొంగుతుంటే రెండో చివరివి పొడిగా ఉన్నాయి. రాకర్ షాఫ్టు దించి, దాని చివరనున్న స్క్రూ తీసి లోపలికి ఇనుప తీగ దూర్చగానే తారులాంటి మడ్డి ముద్దలుగా బయటికి వచ్చింది. షాఫ్టు అడుగు వైపు గోరు తట్టేంత గాడి పడి ఉంది. షాఫ్టు, బుష్షులు మార్చి, సంపు (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) దించి స్ట్రెయినరు (ఆయిలు జల్లెడ) కడిగి, ఆ వాషరు తీసేసి, స్పార్కు ప్లగ్గులు విప్పి స్టార్టరుతో తిప్పి, ప్రతి రాకరు దగ్గరా ఆయిలు ఊరిందని చూసుకున్నాకే ఆయన ఇంజన్ స్టార్ట్ చేయనిచ్చారు.

గేజి చూపేది ఆయిలు ప్రవాహానికి ఎదురయ్యే అడ్డును. ఎంత ఆయిలు చేరుతున్నదో కాదు. చలిలో చిక్కటి ఆయిలుతో ప్రెషరు పెరిగి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటే, పంపు తోడినదాంట్లో చాలా భాగం బేరింగుల దాకా పోకుండానే సంపులోకి తిరిగి వస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక పరుగులో చదరపు అంగుళానికి 50 పౌండ్ల చుట్టుపక్కల, ఐడ్లింగులో 15కు తగ్గకుండా ఉంటే చాలు. అంతకన్నా పడిపోతే బేరింగులు, పంపు చూడాలి గానీ డబ్బాల్లో అమ్మే మందులు కలపకూడదు.

గ్రేడు (ఆయిలు చిక్కదనం) విషయంలో 20డబ్ల్యూ-50 ఈ ఇంజన్‌కు సరిపోతుంది. కొత్త కార్లకు వాడే 5డబ్ల్యూ-30 పోయవద్దు. 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌ఎం ప్రమాణం కెటాలిటిక్ కన్వర్టర్లు (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే పరికరాలు) పాడవకుండా అలాంటి పలుచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేసింది. మన ఇంజన్‌లో క్యాము (ట్యాపెట్లను పైకి నెట్టే ఇరుసు మీది ఉబ్బు) మీద ఒరుసుకుంటూ తిరిగే ట్యాపెట్లను కాపాడేది ఆ ఫాస్ఫరస్, జింకు కలిసిన పదార్థమే.

వారానికొకసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కక, నీటి ఆవిరీ కాలని పెట్రోలూ ఆయిలులో చేరి మడ్డి తయారయ్యేది అక్కడే. నడిపితే రోడ్డు మీద అరగంటైనా నడపండి. మడ్డి శుభ్రం చేయించాక మొదటి ఆయిలును, ఫిల్టరును 500 కిలోమీటర్లకే మార్చండి, ఎందుకంటే మిగిలిన మడ్డి కరిగి వచ్చేది ఆ దశలోనే.