అమెరికాలో పెద్ద పేరున్న కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు కూడా మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్‌కి (ఎన్‌సీఏఏ) ఎంపిక కాకుండా పోతుందా?

పోతుంది. 2023లో మా నార్త్ కరోలినా యూనివర్సిటీ జట్టుకి అదే జరిగింది. అంతకుముందు ఏడాది ఫైనల్లో కాన్సస్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడిన జట్టు, మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురు ఆటగాళ్లలో నలుగురు మళ్లీ వచ్చారు, సీజన్ మొదట్లో దేశంలో నంబర్ వన్ ర్యాంకు. టోర్నమెంట్ 64 జట్లకి పెరిగిన 1985 నుంచి చూస్తే, అలా మొదలుపెట్టి అసలు చోటే దక్కని మొదటి జట్టు ఇదే.

మేం నార్త్ కరోలినాలోనే కేరీ ఊళ్లో ఉంటాం. మా అమ్మాయి అప్పుడు ఆ యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్‌లో చదువుతోంది. ఫిబ్రవరి చివర్లో వర్జీనియా మీద 71-63తో గెలవగానే ఫోన్ చేసి "గట్టెక్కేశాం నాన్నా" అంది. తర్వాతి శనివారం, మార్చి 4న, సొంత కోర్టులో చిరకాల ప్రత్యర్థి డ్యూక్‌తో మ్యాచ్. తనకి స్టూడెంట్ లాటరీలో టికెట్ దొరికింది. బయటివాళ్లకి ఆ మ్యాచ్ టికెట్ కొనాలంటే జీతం చూసుకోవాలి, అది అన్యాయం. మేం టీవీ ముందు కూర్చున్నాం. ఎదురుగా ఎవరూ లేని షాట్లు కూడా రింగుకి తగిలి బయటికి వస్తుంటే మా ఆవిడ చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. 62-57తో ఓడిపోయారు. రాత్రి అమ్మాయి ఫోన్ చేస్తే అరిచి అరిచి గొంతే లేదు. "ఇక ఏసీసీ టోర్నమెంట్ గెలిస్తేనే" అంది. ఏసీసీ అంటే మా జట్టు ఆడే లీగ్, దాని టోర్నమెంట్ గెలిస్తే జాతీయ టోర్నమెంట్‌లో చోటు ఖాయం. అక్కడ వర్జీనియానే ఇంటికి పంపింది.

టీవీ నిపుణులు మాత్రం చివరిదాకా "ఇంకా చాన్స్ ఉంది" అంటూనే ఉన్నారు. ఏం చాన్స్? జట్లని ఎంపిక చేసే కమిటీ మొదటి శ్రేణిగా, అంటే అన్నిటికన్నా కఠినమైనవిగా లెక్కపెట్టే మ్యాచ్‌లు పది ఆడి ఒక్కటే గెలిచారు. నవంబర్లో అలబామాతో నాలుగు ఓవర్‌టైమ్‌లు పోరాడి 103-101తో ఓడినా లెక్కలో అది ఓటమే. ముందు ఏడాది జట్టులో ఉన్న బ్రేడీ మానెక్ వెళ్లిపోయాక అతనంత బాగా దూరం నుంచి వేసే పొడుగు ఆటగాడు లేడు. నా దృష్టిలో అసలు కారణం అదే.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది వేరే. ఆ టోర్నమెంట్‌లో చోటు దక్కని జట్లు ఆడే రెండో టోర్నమెంట్ ఎన్‌ఐటీలో ఆడకూడదని జట్టు నిర్ణయించుకుంది. మా ఆటగాడు లీకీ బ్లాక్ ఐదేళ్లు ఆ జెర్సీ వేసుకున్నాడు, అతనికి ఇంకొన్ని మ్యాచ్‌లు ఆడే అవకాశం పోయింది. మరుసటి ఏడాది ఇండియానా స్టేట్‌ని చూడండి. 28 మ్యాచ్‌లు గెలిచినా కమిటీ పక్కన పెట్టింది. వాళ్లు ఎన్‌ఐటీకి వెళ్లి ఫైనల్ దాకా ఆడి, సీటన్ హాల్ చేతిలో 79-77తో ఓడారు. మా వాళ్లూ వెళ్లాల్సింది.