సిరియాలో యుద్ధం జరిగితే లెబనాన్‌లో ట్రిపోలీ వాళ్ళు ఎందుకు కొట్టుకున్నారు?

ముందు ఒకటి, ఇది లిబియా ట్రిపోలీ కాదు, ఉత్తర లెబనాన్‌లో ఉన్న ఊరు, సిరియా బోర్డర్‌కి దగ్గరే. అందులో బాబ్ అల్ తబ్బానే అని సున్నీల బస్తీ, దాని పక్కనే గుట్ట మీద జబల్ మొహ్‌సెన్ అని అలవీల (షియాల నుంచి వచ్చిన ఒక చిన్న ముస్లిం వర్గం) బస్తీ, రెండిటి మధ్య రోడ్డు పేరే సిరియా స్ట్రీట్, భలే కుదిరింది. అప్పటి సిరియా ప్రెసిడెంట్ అసద్ అలవీ, ఆయన మీద తిరగబడ్డవాళ్ళలో ఎక్కువమంది సున్నీలు, కాబట్టి 2011లో అక్కడ గొడవ మొదలయ్యాక ఇక్కడ గుట్ట మీదోళ్ళు అసద్ వైపు, కిందోళ్ళు రెబెల్స్ వైపు అయిపోయి స్నైపర్లు, రాకెట్లతో విడతలు విడతలుగా కొట్టుకున్నారు.

అలాగని అంతా సిరియా నుంచే ఊడిపడిందనుకోవద్దు. 1975-90 లెబనాన్ సివిల్ వార్ నాటి పగలు ఇవి, 1986లో సిరియా సైన్యం, దాని లోకల్ మిత్రులు కలిసి తబ్బానేలో చాలామందిని చంపేశారు, అదెవరూ మర్చిపోలా. పైగా రెండు చోట్లా పేదరికం, పనుల్లేని కుర్రాళ్ళు, వాళ్ళ చేతికి డబ్బులు, తుపాకులు ఇచ్చే లీడర్లు.

2013లో లెబనాన్ బోర్డర్ దగ్గరున్న సిరియా ఊరు ఖుసైర్‌లో హిజ్బుల్లా (లెబనాన్ షియాల సాయుధ పార్టీ) అసద్ తరఫున ఓపెన్‌గా దిగాక ఇంకా ముదిరింది, ఆగస్టు 23న ట్రిపోలీలో రెండు సున్నీ మసీదుల దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా పోయారు, నవంబర్‌లో బీరూట్‌లో అసద్‌కి, హిజ్బుల్లాకి అండగా ఉన్న ఇరాన్ ఎంబసీ మీద ఆత్మాహుతి దాడి. చివరికి 2014 ఏప్రిల్‌లో ఆర్మీ బస్తీల్లోకి దిగాక ఆ రెండిటి మధ్య కాల్పులు చాలావరకు ఆగాయి, అప్పటికి సిరియాలో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది, అందుకే నన్నడిగితే లెబనాన్ లీడర్లు తల్చుకుంటే ఇంకా ముందే ఆగేది.