ఆ మూడు రాత్రులూ పశువుల సాలలోనే పడుకో

అమ్మలూ,

మూడో ఈతకి చూడితో ఉన్న జెర్సీ ఆవుని కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రాజాం బ్యాంకు చుట్టూ ఒక్కదానివే తిరిగి నీ పేరు మీద అప్పు తెచ్చావంటే గుండె నిండిపోయింది. ఆ వెంటనే, బలానికని రోజూ కాల్షియం సీసా తాగిస్తున్నావంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎవరు చెప్పారే నీకు? ఇవాళే ఆపెయ్. ఈనబోయే ముందు రెండు మూడు వారాలూ పైనుంచి దండిగా పోస్తే, ఎముకల్లోది తీసుకునే పని ఒళ్లు మరిచిపోతుంది. ఈనగానే కాల్షియం జున్నుపాలలోకి పోతుంటే నెత్తుట్లో తగ్గిపోయి ఆవు కూలబడుతుంది. దాన్నే పాలజ్వరం అంటారు.

నేను చేసిందీ అదే. మీ అత్త గాజులు కుదవపెట్టి కొన్న ఎర్రావు, నాలుగో ఈత. నెల్లాళ్లు సీసాలు పోశాను. ఈనిన పూటే పొదుగంతా పిండేసి వీధంతా జున్నుపాలు పంచాను. మర్నాటి రాత్రి చూస్తే తల డొక్క మీదికి తిప్పుకుని పడుకుంది. ముట్టె ఎండిపోయింది. చెవి పట్టుకుంటే నీళ్లకుండలా చల్లగా ఉంది. పక్కింటాయన పాలజ్వరమేమో అంటే, జ్వరమే కదా, తెల్లారాక చూద్దామన్నాను. పేరులో జ్వరం ఉంది గానీ దానికి ఒళ్లు చల్లబడుతుందమ్మా. పైగా ఊరుకోలేక వెదురు గొట్టంతో గంజి పోశాను. మింగే సత్తువ లేని ఆవుకి అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరు వచ్చేసరికి దూడ ఒక్కటే నిలబడి, తల్లి పొదుగు వెతుక్కుంటోంది. మీ అత్త ఒక్క మాటా అనలేదు. ఆ గాజులు విడిపించడానికి ఆరేళ్లు పట్టింది.

అందుకే ఈనాక మూడు రాత్రులూ సాలలోనే పడుకో. నడక తూలినా, చెవులు చల్లబడినా ఆగకు. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యి, రాత్రివేళకి డాక్టరు గారి నంబరు ముందే గోడ మీద రాసుకో. కాల్షియం నరానికి ఆయనే ఎక్కించాలి, అదీ మెల్లగా. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. మొదటి రెండు రోజులూ పొదుగు పూర్తిగా పిండకు. దూడకి మాత్రం గంటలోపే జున్నుపాలు పట్టించు. దూడ తర్వాత పడాల్సిన మాయ పడకపోతే ఎవరినీ చేత్తో లాగనివ్వకు.

ఈనాక రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు తవుడులో కలిపి పెట్టు. ఒట్టి ఎండుగడ్డి మీద ఉంచితే విటమిన్ ఏకి లోటొస్తుంది, కాస్త పచ్చగడ్డి వెయ్యి. పొద్దుటెండ తగలనివ్వు.

రోజులు దగ్గరపడగానే కబురు పెట్టు తల్లీ, నేనూ వస్తాను. దుప్పటి నేనే తెచ్చుకుంటాను.

మీ మావయ్య